తల తిరిగితే తప్పంతా మెడదేనా? తేల్చుకునే పద్ధతి

అనంతపురంలో తల తిరుగుతోందని ఎవరితో అన్నా మొదట వచ్చే మాట ఒకటే: "మెడ ఎముకలు అరిగింటాయి లేన్నా, ఎక్స్‌రే తీపిచ్చుకో." తీయిస్తే అరుగుదల కనిపిస్తుంది కూడా, ఎందుకంటే యాభై దాటినవాళ్ళలో ఏ బాధా లేకున్నా చాలామందికి మెడ ఎక్స్‌రేలో అది ఉంటుంది. ఇంకేముంది, ఒక కాలర్ కొని మెడకు తగిలించుకుంటారు. ఎముక అరిగింది నిజమే కావచ్చు, తల తిరిగేది మాత్రం దానివల్లే అని ఆ ఫిల్ము చెప్పదు. మెడ వల్లే అని కచ్చితంగా తేల్చే పరీక్ష ఒక్కటీ లేదు. మిగతా కారణాలు ఒక్కొక్కటే కాదనుకుంటూ వచ్చి, చివరికి మెడను పట్టుకోవాలి.

అన్నిటికన్నా ముందు ప్రమాదం సంగతి. తల తిరగడంతోపాటు మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒక చెయ్యో కాలో పట్టు తప్పడం, ఒకటి రెండుగా కనిపించడం, మింగుడు పడకపోవడం, అడుగు వేయలేకపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పో మెడనొప్పో ఉన్నట్టుండి రావడం... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇక చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి. పక్షవాతంలో రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. నిమ్మకాయ నీళ్ళు తాగించి పడుకోబెట్టి తెల్లారి చూద్దామనుకుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది.

అలాంటివేమీ లేకపోతే ఒక కాగితం తీసుకుని నాలుగు రోజులు రాసిపెట్టండి. ఏం చేస్తుంటే వచ్చింది, ఎంతసేపు ఉంది, ఇల్లు గిర్రున తిరిగిందా లేక మీరే తూలినట్టు అనిపించిందా. సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

మంచం మీద పక్కకు ఒత్తిగిలినప్పుడో, పడుకుని లేచేటప్పుడో, అటక మీది డబ్బా కోసం పైకి చూసినప్పుడో ఇల్లంతా గిర్రున తిరిగి నిమిషం లోపే ఆగిపోతే అది ఎక్కువగా లోపలి చెవి పని. అక్కడుండే సున్నపు రేణువులు చోటు తప్పి పక్కనున్న గొట్టాల్లోకి జారతాయి. తల కదిపినప్పుడే వస్తుంది కాబట్టి అందరూ మెడ మీదకు నెట్టేస్తారు, ఈ పొరపాటే అన్నిటికన్నా ఎక్కువ. ఈఎన్‌టీ డాక్టరు తలను ఒక వరసలో తిప్పి చేసే ఎప్లీ పద్ధతితో చాలామందికి ఒకటి రెండుసార్లకే తగ్గిపోతుంది. దీనికి కాలర్ పెట్టి ఏం లాభం?

లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మితే బీపీ చూపించాలి, పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల లోపు ఇంకోసారి. పై అంకె 20 పడిపోతే కారణం అక్కడుంది. మన మే నెల ఎండకు చేలో చెమటోడ్చి, దానికితోడు బీపీ మాత్ర వేసుకునేవాళ్ళకు ఇది మామూలే. చెవిలో హోరు, వినికిడి మందగించడం, గంటల తరబడి తిరగడం అయితే చెవి డాక్టరు. షుగర్ మాత్ర వేసుకుని అన్నం ఆలస్యం చేసేవాళ్ళ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇక మెడ వల్ల వచ్చేది ఎలా ఉంటుందంటే, గిర్రున తిరగడం అరుదు, తూలినట్టు, తేలినట్టు, తల దిమ్ముగా ఉంటుంది. నిమిషాల నుంచి గంటల దాకా ఉంటుంది. మెడ పట్టేసిన రోజు ఎక్కువ, వదిలిన రోజు తక్కువ. అసలు మెడ నొప్పీ పట్టేయడమూ లేవంటే మెడను నిందించకండి. ఉరవకొండ వైపు మగ్గం గుంటలో కూర్చునేవాళ్ళను చూడండి, పొద్దంతా పోగు మీదే చూపు, గడ్డం ఛాతీకి ఆనుకున్నట్టు వంగిన మెడ, ఎవరో పిలిస్తే చటుక్కున పక్కకు తిరిగితే ఒక్క తూలు. బండి మీద నుంచి పడి మెడ జెర్క్ అయినవాళ్ళకూ అంతే. శరీరం ఎటు తిరిగిందో మెదడుకు చెప్పే ముగ్గురు సాక్షుల్లో కన్ను, చెవి ఒక మాట చెబుతుంటే పై మెడ కండరాలు, కీళ్ళు ఇంకో మాట చెబుతాయి, ఆ గందరగోళమే ఈ తూలు.

అనుమానం ఉంటే తిరిగే కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకోండి. ఇంకొకరు మీ తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకోవాలి. మీరు కాళ్ళతో నేలను తోసి మొండెం మాత్రం మెల్లగా ఒక పక్కకు తిప్పి, కాసేపు ఆగి, మళ్ళీ రెండో పక్కకు. ఇక్కడ చెవి కదల్లేదు, మెడ ఒక్కటే మెలిపడింది. తర్వాత తలా మొండెమూ కలిపి ఒకేసారి తిరగండి. మొదటిదాంట్లో తూలి రెండోదాంట్లో తూలకపోతే మెడ మీద అనుమానం పెరుగుతుంది, అంతేగానీ నూటికి నూరుపాళ్ళు కాదు. మెడకు దెబ్బ తగిలినా, కీళ్ళవాతం ఉన్నా, చేతులు తిమ్మిరెక్కుతున్నా ఇంట్లో ఇది చేయొద్దు.

ఇంకో మాట. కటింగ్ షాపులో తల పట్టుకుని పటుక్కుమనిపించుకోవడం మానేయండి, మెడ వెనక నుంచి మెదడుకు పోయే రక్తనాళం గోడ చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి, హాయిగా ఉందని చేయించుకునే పనికి అంత మూల్యం దండగ.

మెడే అని తేలితే ఫిజియోథెరపీ దారి సరైనది, మెడను వదులు చేసే, బలపరిచే వ్యాయామాలు కొన్ని వారాలు ఓపిగ్గా చేయాలి. కాలర్ ఎక్కువ రోజులు వాడితే కండరాలు ఇంకా బలహీనపడతాయి. తల తిరుగుడు మాత్రలు కూడా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి వేసుకునేవి కావు. పెద్దాసుపత్రి ఓపీకి వెళ్ళినా, ప్రైవేటుకు వెళ్ళినా "తల తిరుగుతాంది సార్" అని ఊరుకోకుండా రాసుకున్న ఆ కాగితం, వేసుకునే మాత్రల చీటీ రెండూ డాక్టరు ముందు పెట్టండి, ఎక్స్‌రే అవసరమో కాదో ఆయన్నే తేల్చనివ్వండి.