కారు పెయింటింగ్ పాఠాలు – 7: మిగిలిన హార్డెనర్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

పోయిన పాఠంలో క్లియర్‌ను (రంగు మీద కొట్టే పారదర్శక పూత), దాన్ని గట్టిపరిచే హార్డెనర్‌ను 4:1, 2:1 పాళ్లలో కలపడం నేర్చుకున్నాం. పని అయ్యాక ఆ రెండు డబ్బాల్లోనూ, రంగు డబ్బాలోనూ కొంత మిగులుతుంది. మూడు నెలల తర్వాత ఇంకో బంపర్ వస్తే అది పనికొస్తుందా?

రంగు సంగతి తేలిక. హార్డెనర్ కలపని రంగు, మూత బిగుతుగా ఉండి ఎండ తగలకపోతే చాలాకాలం ఉంటుంది. కర్రతో అడుగు గీకి చూడండి. పేరుకున్నది మెత్తగా లేచి కలిసిపోతే వడకట్టి వాడుకోండి, రాయిలా బిగిస్తే వదిలేయండి. మెటాలిక్ అయితే అల్యూమినియం రేణువులు అడుగుకు దిగుతాయి కాబట్టి ఇంకాస్త ఎక్కువసేపు కలపాలి. లేకపోతే డోరు ఒక షేడులో, ఫెండర్ ఇంకో షేడులో తేలతాయి.

హార్డెనర్ అలా కాదు. అందులో ఉండే ఐసోసైనేట్ అనే రసాయనం క్లియర్‌తో కలిసి గట్టిపడాలి. కానీ నీరు దొరికితే నీటితోనూ కలుస్తుంది. మూత తీసిన ప్రతిసారీ గాలిలోని తేమ లోపలికి పోతుంది. 1 గ్రాము నీరు సుమారు 21 గ్రాముల హార్డెనర్ రెసిన్‌ను తినేసి, లీటరుకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పాత డబ్బా ఉబ్బడానికి, మూత తిప్పగానే బుస్సుమనడానికి కారణం అదే. డబ్బా మీద అచ్చు వేసిన గడువు సీలు తీయని డబ్బాకు మాత్రమే. సీలు తీశాక లెక్క నెలల్లోనే, విజయవాడ, విశాఖ లాంటి చోట్ల ఉక్కపోత రోజుల్లో ఇంకా తక్కువ. అందుకే తెరిచిన తేదీ మార్కర్‌తో డబ్బా మీదే రాయండి. జ్ఞాపకాన్ని నమ్ముకోవద్దు.

ఇప్పుడు పరీక్ష. మూత మర దగ్గర చూడండి. పాకం ఎండినట్టు తెల్లగా పెచ్చు కట్టి ఉంటే తేమ తగిలిందన్నమాట. కొంచెం హార్డెనర్‌ను పొడి గాజు సీసాలో పోసి వెలుతురుకు ఎత్తిపట్టండి. తేటగా, ధారగా జారాలి. లేత పసుపు రంగు ఒక్కటే తిరిగితే కంగారు పడక్కర్లేదు. తెల్లగా మసకబారినా, తీగ సాగినా, గడ్డలు కనిపించినా ఇక దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

తేటగా ఉన్నా నేరుగా కారు మీదికి పోవద్దు. పాత రేకు ముక్క మీద సరైన పాళ్లలో కలిపి కొట్టి, మర్నాడు థిన్నర్ తడిపిన గుడ్డతో రుద్దండి. పూత మెత్తబడి జిగురుగా అంటితే ఆ హార్డెనర్ బలం పోయినట్టే. 'పాతది కదా, ఇంకొంచెం ఎక్కువ పోద్దాం' అని చాలామంది అంటారు. అది తప్పు. ఎంత బలం మిగిలిందో తెలియనప్పుడు ఎంత ఎక్కువ పోయాలో ఎవరు చెప్పగలరు? కస్టమర్ బండి మీద ఆ లెక్క తప్పితే మళ్లీ రేకు దాకా సాండింగే.

నిలవ చేసేటప్పుడు మర, మూత శుభ్రంగా తుడిచి బిగించండి. సగం ఖాళీ అయిన డబ్బాలో గాలి ఎక్కువ ఉంటుంది కనుక, మిగిలినదాన్ని పొడిగా ఉన్న చిన్న లోహపు డబ్బాలోకి మార్చండి. నీళ్ల బాటిల్ వద్దు, ఆ ప్లాస్టిక్‌లోంచి తేమ మెల్లగా లోపలికి పోతుంది. ఏసీ గదిలో పెట్టినదాన్ని బయటికి తెచ్చాక డబ్బా వేడి గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు, చల్లటి లోహం మీద తేమ పడుతుంది. హార్డెనర్‌లో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్ రంగులకు వాడే) థిన్నర్ కలపొద్దు. అందులోని ఆల్కహాల్ కూడా ఐసోసైనేట్‌ను తినేస్తుంది. వాసన చూసి పరీక్షించే అలవాటుంటే ఈరోజే మానండి. ఐసోసైనేట్ ఆవిరి ఆస్తమా తెప్పిస్తుంది, గుడ్డ మాస్కు దాన్ని ఆపదు.

నీళ్లు పడ్డ హార్డెనర్ డబ్బాను మాత్రం ఎప్పుడూ గట్టిగా బిగించొద్దు, లోపలి వాయువుకు పగిలిపోవచ్చు. మూత వదులుగా ఉంచి, గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా పెట్టండి.

ఈ వారం అభ్యాసం: మీ దగ్గరున్న హార్డెనర్ డబ్బాలన్నిటికీ గాజు సీసా పరీక్ష, రేకు ముక్క పరీక్ష చేయండి. వచ్చే పాఠంలో పుట్టీ, దాని పేస్టు హార్డెనర్ చూద్దాం.