కీమో మొదలైనప్పుడే పాలియేటివ్ కేర్: ఎప్పుడు, ఎలా మొదలుపెట్టాలి

"ఇంక చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అన్నాక పాలియేటివ్ కేర్‌కి (నొప్పి, ఆయాసం, దిగులు లాంటి బాధలు తగ్గించే వైద్యానికి) చీటీ రాసిస్తే, ఇంటివాళ్లకి అది చావు కబురులాగే వినిపిస్తుంది. ముదిరిన క్యాన్సర్ అని తేలిన ఎనిమిది వారాల్లోపే మొదలుపెట్టండి. బోస్టన్‌లో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై జరిగి 2010లో అచ్చైన అధ్యయనంలో, మొదటినుంచీ క్యాన్సర్ వైద్యం, పాలియేటివ్ కేర్ రెండూ అందినవాళ్లలో దిగులు తగ్గింది. వాళ్ల మధ్యస్థ ఆయుష్షు (సగంమంది ఇంతకంటే ఎక్కువ, సగంమంది తక్కువ బతికారు) 11.6 నెలలు, మామూలు వైద్యమే అందినవాళ్లకి 8.9. ఈ లెక్కను మాత్రం ఇంటివాళ్లకి హామీగా చెప్పకండి.

గుండె, ఊపిరితిత్తులు, కిడ్నీ జబ్బులకీ ఇది వర్తిస్తుంది. మళ్లీ మళ్లీ అడ్మిట్ అవుతున్నా, పగలు సగానికి పైగా మంచంలోనే ఉంటున్నా ఆలస్యం చేయొద్దు.

మొదటి మాట చావు గురించి కాదు. "ఇప్పుడు మిమ్మల్ని బాగా ఇబ్బంది పెడుతున్నదేంటి?" అని అడగండి. తర్వాత, "కీమో ఆగదు. నొప్పి, నిద్ర, ఆయాసం చూసేవాళ్లు కూడా తోడవుతారు" అనండి. కొడుకు వరండాలో ఆపి "నాన్నకి చెప్పొద్దు సార్" అంటే వాదించకండి. నాన్నకి ఎంతవరకు తెలుసో, ఏం భయమో కనుక్కుని, ఎంత తెలుసుకోవాలనుందో ఆయన్నే అడగండి.

నొప్పికి పదిలో ఎన్ని మార్కులో చెప్పలేని పెద్దవాళ్లని "మొన్న రూపాయి నొప్పి అనుకుంటే ఇవాళెన్ని పైసలు?" అని అడగండి. నొప్పి తీవ్రంగా ఉండి కిడ్నీలు బాగుంటే, డాక్టర్ సాధారణంగా మార్ఫిన్ అనే బలమైన నొప్పి మందును 5 మి.గ్రా.తో (10 మి.గ్రా. మాత్రలో సగం) మొదలుపెడతారు, నాలుగు గంటలకోసారి. పడుకునేముందు రెట్టింపు ఇస్తే అర్ధరాత్రి లేపక్కర్లేదు. మధ్యలో నొప్పి ఎగదన్నితే అదనంగా మరో 5. కిడ్నీ దెబ్బతింటే మందు ఒంట్లో పేరుకుంటుంది, మోతాదు తగ్గించాలి, లేదా వేరే మందు చూడాలి.

ఎక్కువగా చెడేది ఇక్కడే. "నొప్పొస్తేనే వేసుకోండి" అని రాస్తే నొప్పి ఎప్పుడూ మందు కంటే ముందే ఉంటుంది. విరేచనానికి బిసాకోడిల్ లాంటి మాత్ర తొలిరోజు నుంచే ఇవ్వకపోతే, మలబద్ధకం భరించలేక రోగి మార్ఫినే మానేస్తాడు. వాంతులు కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి, మలబద్ధకం సర్దుకోదు.

మార్ఫిన్ ప్రతి మెడికల్ షాపులో దొరకదు. 2014లో ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టాన్ని సవరించిన తర్వాత గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఉంచుకోవడం తేలికైంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ విభాగం ఉంది. ఎక్కడికి పంపినా ఎన్ని రోజుల మాత్రలు ఇచ్చారో, ఏ తేదీకి రావాలో, రాత్రి ఏ నంబరుకి ఫోన్ చేయాలో ఫైలు అట్ట మీదే పెద్దక్షరాల్లో రాయండి.