క్లాడ్ కోడ్‌కు మన చప్పుళ్లు, మూడో పాఠం: అడిగితే డప్పు, అయిపోతే గజ్జె

క్లాడ్ కోడ్ అంటే టెర్మినల్‌లో మనం చెప్పిన ప్రోగ్రామింగ్ పని చేసిపెట్టే ఏఐ సాధనం. రెండో పాఠంలో దాని సెట్టింగ్స్ ఫైల్ తెరిచి హుక్ రాయడం, అంటే ఫలానాది జరిగినప్పుడు దానంతట అదే నడవాల్సిన కమాండ్ రాయడం నేర్చుకున్నాం, కంప్యూటర్‌లో ముందే ఉన్న చప్పుడు ఒకటి మోగించి చూశాం. ఈసారి సొంత చప్పుళ్లు తయారు చేసుకుందాం.

ఆ పాఠం చదివి కరీంనగర్ చెల్లె ఒకామె అడిగింది, "అన్నా, ఒక్క చప్పుడు సరిపోదా, మోగితే వచ్చి చూసుకుంటాం కదా?" అని. సరిపోదమ్మా. క్లాడ్ కోడ్ మనల్ని పిలవాల్సిన సందర్భాలు ముఖ్యంగా రెండు. ఫైల్ మార్చడానికో, టెర్మినల్‌లో కమాండ్ నడపడానికో అనుమతి కోసం ఆగడం ఒకటి, చెప్పిన పని ముగించి ఆగడం ఇంకొకటి. మొదటిదానికి మీరు వెళ్లకపోతే పని అక్కడే నిలిచిపోతుంది, మీరేమో వంటింట్లో చాయ్ పెట్టుకుంటూ అది చేస్తోందిలే అనుకుంటారు. రెండోదానికి తొందర లేదు, చాయ్ తాగి తీరిగ్గా వెళ్లొచ్చు. లేవాలా వద్దా అనేది స్క్రీన్ చూడకుండానే చెవికి తెలియాలి, ఈ పాఠమంతా దానికోసమే.

ఏ చప్పుడు పెట్టాలి? ల్యాప్‌టాప్ స్పీకర్లు చిన్నవి, లోతైన శబ్దాన్ని సరిగ్గా పలికించలేవు. ఒగ్గు కథలో డోలు గుండెకు తగిలినట్టు వినిపిస్తుంది, అదే డోలు ల్యాప్‌టాప్‌లో పెడితే సగం మాయమవుతుంది, దానిమీద సీలింగ్ ఫ్యాన్ హోరు ఒకటి. డప్పు అలా కాదు, మంట దగ్గర కాచి బిగించిన తోలు మీద పుల్ల పడితే వచ్చే ఆ టక్కుమనే దెబ్బ చిన్న స్పీకర్‌లోంచి కూడా పక్క గదిదాకా వస్తుంది. అందుకే అనుమతి అడగడానికి డప్పు, రెండు దెబ్బలు చాలు. పని అయిపోయినందుకు గజ్జెల చప్పుడు, ఒక్కసారి అలా కదిపితే చాలు, వినడానికి హాయిగా ఉంటుంది. నోటితో "అన్నా, రా" అని రికార్డ్ చేసి పెట్టకండి, రోజుకు ఇరవై సార్లు వింటే మీకే విసుగొస్తుంది. రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ మొదట్లో వచ్చే గంట కూడా వద్దు, ముఖ్యంగా కాజీపేటలో పట్టాల దగ్గర ఉండేవాళ్లకు, ఏది రైలుదో ఏది కంప్యూటర్‌దో తేలదు.

రికార్డింగ్‌కు ఫోన్ చాలు. జాతరలో తీసిన వీడియోలోంచి ముక్క కత్తిరించాలని చూడకండి, దాంట్లో వెయ్యి గొంతులు కలిసి ఉంటాయి. మీ ఊళ్లో డప్పు కొట్టే పెద్దమనిషి దగ్గరికి వెళ్లి, ఎందుకో వివరంగా చెప్పి, ఆయన సరేనంటేనే రికార్డ్ చేయండి, ఆయన సమయానికి డబ్బులు ఇవ్వండి. ఈ మాట ఊరికే అనడం లేదు, ఆ దెబ్బ వెనక ఏళ్ల సాధన ఉంది, ఊరికే వచ్చింది కదా అని తీసుకోకూడదు. ఫోన్‌ను నాలుగైదు అడుగుల దూరంలో పెట్టండి, మరీ దగ్గర పెడితే శబ్దం పగిలిపోతుంది.

తర్వాత ఆ రికార్డింగ్‌ను ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో తెరవండి. ఇది ఉచితం. దెబ్బకు ముందున్న ఖాళీ మొత్తం కోసేయండి, లేకపోతే చప్పుడు ఆలస్యంగా మోగినట్టు ఉంటుంది. మొత్తం ఒక సెకను దాటనివ్వకండి, చివర్లో కొంచెం ఫేడ్ అవుట్ ఇవ్వండి. రెండు ఫైళ్లకూ లౌడ్‌నెస్ నార్మలైజేషన్ చేస్తే ఒకటి అరిచినట్టు, ఒకటి గొణిగినట్టు ఉండదు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు వేవ్ (WAV) ఎంచుకోండి, 16 బిట్, 44100 హెర్ట్జ్, మోనో. ఎంపీ3 వద్దంటున్నది ఎందుకంటే, విండోస్‌లో పవర్‌షెల్ ద్వారా మనం వాడే సౌండ్‌ప్లేయర్ వేవ్ ఒక్కటే వాయిస్తుంది, లినక్స్‌లో చప్పుడు మోగించే ఏప్లే (aplay) కమాండ్‌కి ఎంపీ3 ఇస్తే బరబరమనే గోల వస్తుంది. మ్యాక్‌లో ఏఎఫ్‌ప్లే (afplay) రెండూ వాయిస్తుంది కానీ వేవ్ అయితే అందరికీ ఒకటే దారి. సెకనుకు 88 కిలోబైట్లే కాబట్టి సైజు గురించి టెన్షన్ వద్దు.

ఇప్పుడు హుక్స్. గజ్జె ఫైల్‌ను పని ముగిసినప్పుడు నడిచే స్టాప్ హుక్ కింద పెట్టండి, డప్పు ఫైల్‌ను నోటిఫికేషన్ హుక్ కింద. ఇక్కడే చాలామందికి చిక్కు వస్తుంది. నోటిఫికేషన్ అనేది అనుమతి అడిగినప్పుడే కాదు, మీ జవాబు కోసం కాసేపు ఊరికే ఎదురుచూసినప్పుడు కూడా వస్తుంది. అంటే పని అయిపోయి గజ్జె మోగాక, మీరు ఏమీ టైప్ చేయకుండా ఉంటే, కాసేపటికి డప్పు కూడా మోగుతుంది, మీరు ఏదో అడుగుతోందని పరిగెత్తుకొస్తారు. దీన్ని ఆపాలంటే మ్యాచర్ అనే చోట పర్మిషన్, అండర్‌స్కోర్, ప్రాంప్ట్ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కలిపి రాయండి, అప్పుడు డప్పు అనుమతికి మాత్రమే మోగుతుంది. విండోస్ వాళ్లు ఫైల్ దారి రాసేటప్పుడు వెనక్కి వాలిన గీతను రెండేసి సార్లు వేయాలి, ఒక్కటే వేస్తే సెట్టింగ్స్ ఫైల్ చదవడమే కుదరదు.

రాసేముందు ఆ కమాండ్‌ను టెర్మినల్‌లో విడిగా నడిపి చూడండి. అక్కడ మోగకపోతే హుక్‌లో కూడా మోగదు, ఫైల్ దారి సరిచూసుకోండి. అక్కడ మోగి ఇక్కడ మోగకపోతే, క్లాడ్ కోడ్‌ను మూసి తెరిచి, స్లాష్ హుక్స్ అని కొట్టి మీ హుక్ జాబితాలో ఉందో లేదో చూడండి. ఇంకో సంగతి, మధ్యలో మీరే ఎస్కేప్ నొక్కి ఆపేస్తే గజ్జె మోగదు, అది లోపం కాదు, ఆపింది మీరే కాబట్టి స్టాప్ హుక్ నడవదు.

హాస్టల్‌లో కూర్చుని కాలేజీ సర్వర్‌లోకి లాగిన్ అయి పనిచేసే వాళ్లకు మాత్రం ఇదంతా చేసినా ఏమీ వినిపించదు, ఎందుకంటే హుక్ నడిచేది సర్వర్‌లో, చప్పుడు రావాల్సింది మీ ల్యాప్‌టాప్‌లో. నాలుగో పాఠం పూర్తిగా దాని గురించే. అప్పటిలోగా మీ రెండు ఫైళ్లు తయారు చేసి, మీరు కళ్లు మూసుకుని, ఎవరినైనా ఒకదాని తర్వాత ఒకటి మోగించమనండి. ఏది ఏదో చెప్పడానికి ఒక్క క్షణం ఆలోచించాల్సి వచ్చినా సరే, ఒకదాన్ని మార్చండి.