ఎత్తైన ట్రావెల్ ట్రైలర్‌ను తక్కువ ఎత్తు కార్‌పోర్ట్ కిందకి చేర్చడం ఎలా?

డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లలో ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) కొనుక్కుని పిల్లల్తో స్టేట్ పార్కులు తిరిగేవాళ్లు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. సంతోషం. కానీ మార్చి వచ్చిందంటే వడగళ్లు, జూన్ నుంచి మాడ్చేసే ఎండ. ట్రైలర్ పైకప్పు మీదుండే రబ్బరు పొరనీ, అతుకుల దగ్గర రాసిన సీలెంట్‌నీ ఈ రెండూ కలిసి తినేస్తాయి కాబట్టి దాన్ని నీడలో పెట్టాల్సిందే. పెట్టే తొందర్లో ఏసీ కవర్లు పగలగొట్టుకున్నవాళ్లని చూసీ చూసీ ఇది రాస్తున్నాను.

ముందే ఒక మాట. మామూలు ట్రావెల్ ట్రైలర్ పైన ఏసీతో కలిపి 10 నుంచి 11న్నర అడుగులుంటుంది. మీ కార్‌పోర్ట్ (స్తంభాల మీద కప్పు వేసిన బండి షెడ్డు) కార్ల కోసం కట్టిన 8 అడుగులదైతే ఏ చిట్కా పనిచేయదు, స్టోరేజీ చూసుకోండి. కాగితం మీద సరిపోతున్నట్టే ఉండి తీరా దూరేటప్పుడు తగులుతున్నవాళ్లకీ, ఒకటి రెండు అంగుళాల్లో కొట్టుకుంటున్నవాళ్లకీ ఇది. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీ అయితే ట్రైలర్ ఇంటి దగ్గర పెట్టనిస్తారో లేదో ముందు కనుక్కోండి.

కావలసినవి

టేపు, వంకర లేని పొడుగాటి చెక్క, లెవెల్, నీళ్ల ట్యూబు, నిచ్చెన, గట్టి దారం, ఎర్ర గుడ్డ పీలికలు, వీల్ చాక్స్ (చక్రాలు దొర్లకుండా అడ్డం పెట్టే దిమ్మలు), జాక్ కింద పెట్టడానికి చెక్క దిమ్మలు, ఎత్తు మార్చుకునే చిల్లుల బాల్ మౌంట్ (బండి వెనక బిగించే ఇనుప ముక్క, ట్రైలర్ ఆనే గుండు అంటే బాల్ దీనికే ఉంటుంది), టార్క్ రెంచి (నట్టుని చెప్పినంత బిగువుకే బిగించేది). నడిపే మనిషి కాక ఇంకో ఇద్దరు. అంతే.

కొలతలు

బ్రోషర్లో రాసిన ఎత్తుని నమ్మొద్దు. మీ ట్రైలర్‌ని మీరే కొలవండి. చదునైన చోట నిలబెట్టి, టైర్లలో పూర్తి గాలి ఉంచి, ఏసీ మీద చెక్కని అడ్డంగా పెట్టి, లెవెల్ చూసుకుని, పక్కకి పొడుచుకొచ్చిన చెక్క కింది అంచు నుంచి నేలదాకా టేపు వేలాడదీయండి. ఏ స్థితిలో పార్క్ చేస్తారో అదే స్థితిలో కొలవాలి. 40 గ్యాలన్ల మంచినీళ్ల ట్యాంకు నిండుగా ఉంటే ఒక్క నీళ్ల బరువే 330 పౌండ్లు దాటుతుంది, స్ప్రింగులు ఆ మేరకు కుంగి ఉంటాయి. ఖాళీ చేశాక లేస్తాయి.

కార్‌పోర్ట్ వైపు కొలవాల్సింది పైకప్పు ఎత్తు అనుకుంటారు, అది తప్పు. దారిలో అన్నిటికంటే కిందున్నది ఏదైతే అదే ఎత్తు. చాలావాటికి లోపల కంటే ముందు దూలమే కిందకి ఉంటుంది. దూలానికున్న బోల్టు తలలు, లైటు, వాన గొట్టం అన్నీ చూడండి. పాత చెక్క దూలాలు నడుమ కుంగుతాయి, ఏసీ వెళ్లేది సరిగ్గా ఆ నడుమే, అందుకని రెండు చివర్లా, మధ్యలోనూ కొలవాలి. ఇనుప కార్‌పోర్ట్ అయితే స్తంభానికీ కప్పుకీ మధ్య మూలన ఏటవాలుగా బిగించిన బద్దలుంటాయి. ట్రైలర్ వెడల్పు 8 నుంచి 8న్నర అడుగులు, దాని భుజాలు పోయి ఆ బద్దలకి తగులుతాయి. అందరి కళ్లూ ఏసీ మీదే ఉండటం వల్ల ఇది ఎవరూ చూడరు.

అసలు చిక్కు: వాలు మీద ఎత్తు మారిపోతుంది

ఇక్కడ నిదానంగా చదవండి. మిగతావన్నీ ఎవరైనా చేస్తారు.

దూలం 11 అడుగులు, ట్రైలర్ 10 అడుగుల 9 అంగుళాలు, ఇంకా 3 అంగుళాల ఖాళీ ఉంది కదా అని రివర్స్ గేరు వేసేస్తారు. ఏసీ కవర్ పటుక్కుమంటుంది. టేపు తప్పు చెప్పలేదు. ఆ 3 అంగుళాలు ట్రైలర్ చదునైన నేల మీద మట్టంగా నిలబడ్డప్పటి లెక్క, మీరు దాన్ని తోస్తున్నది వాలు మీద. డ్రైవ్‌వే వీధి నుంచి ఇంటివైపు ఎక్కుతుంటే (వాననీళ్లు వీధిలోకి పోవాలి కాబట్టి ఎక్కువ ఇళ్లకి అలాగే ఉంటుంది) వెనక్కి తోస్తున్నంతసేపూ ట్రైలర్ ముక్కు కిందకీ తోక పైకీ ఉంటుంది. ట్రైలర్ ఏతం లాంటిది. ఇరుసు మీద ఆని ఉంటుంది, ఒక కొస దిగితే రెండో కొస లేస్తుంది.

లెక్క వేద్దాం. మీ వాలు అడుగుకి 1 అంగుళం అనుకోండి. కార్‌పోర్ట్ కింద గచ్చు చదునుగా ఉంది, దూలం ఆ గచ్చు అంచు నుంచి 4 అడుగులు లోపలికి ఉంది. ఏసీ ఇరుసుకి 4 అడుగులు వెనక ఉంది. చక్రాలు గచ్చు అంచుకి వచ్చేసరికి ఏసీ దాదాపు దూలం కింద ఉంటుంది, పైగా మామూలు ఎత్తు కంటే 4 అంగుళాలు లేచి ఉంటుంది. మీకున్నది 3. ఒక అంగుళం మేర ఢీకొట్టాల్సిందే.

అదే ఏసీ ఇరుసుకి ముందువైపు ఉంటే ఈ ఎక్కుడు వాలులో అది ఇంకాస్త కిందకే దిగి ఉంటుంది, మీకు కలిసొచ్చింది. ఇల్లు వీధి కంటే పల్లంలో ఉండి డ్రైవ్‌వే కిందకి దిగుతుంటే మాత్రం లెక్క తిరగబడుతుంది. ముక్కు పైకి లేస్తుంది, ముందువైపున్న ఏసీకి ప్రమాదం, దానికి తోడు వెనక బంపరూ డ్రెయిన్ పైపూ నేలకి గీరుకుంటాయి. కాబట్టి ఇరుసు నుంచి ఏసీ ఎటువైపు, ఎన్ని అడుగుల దూరంలో ఉందో కొలిచి రాసుకోండి. రెండు ఇరుసులుంటే రెండిటి నడుమ నుంచి కొలవాలి. వాలు కొలవడానికి మన మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు చాలు, డ్రైవ్‌వే మీద 10 అడుగుల దూరంలో ఎన్ని అంగుళాల తేడా వచ్చిందో చూసి 10తో భాగించండి.

ఇప్పుడు మందు. ఎక్కుడు వాలయితే ముక్కు లేపాలి, దిగుడు వాలయితే ముక్కు దించాలి. మనం చెప్పుకున్న ట్రైలర్‌లో కప్లర్ (బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముక్కు కొస) ఇరుసుకి 15 అడుగుల ముందుంది, ఏసీ 4 అడుగుల వెనకుంది. కప్లర్‌ని సుమారు 4 అంగుళాలు లేపితే ఏసీ దగ్గర ఒక అంగుళం దిగుతుంది. తగిలే అంగుళం పోవాలి, పైన 2 అంగుళాల ఖాళీ కావాలి, అంటే ఏసీ 3 అంగుళాలు దిగాలి, ముక్కు ఓ 12 అంగుళాలు లేవాలి. చిల్లుల బాల్ మౌంట్‌లో బాల్ 6 అంగుళాలు కిందకి ఉన్నదాన్ని 6 అంగుళాలు పైకి మారిస్తే ఆ 12 వచ్చేస్తాయి. తిప్పి కూడా వాడొచ్చని తయారుచేసినవాళ్లు చెప్పిన రకమే కొనండి, బాల్ నట్టుని వాళ్లు చెప్పిన టార్క్‌కి బిగించండి.

ఈ మార్పు వాలు మీద చేయొద్దు. వీధిలో చదునైన చోట ఆపి, ట్రైలర్ చక్రాలకి రెండువైపులా చాక్స్ పెట్టి, టంగ్ జాక్ (ట్రైలర్ ముక్కు దగ్గరుండే జాక్) కింద దిమ్మ వేసి లేపి, అక్కడే మార్చుకోండి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు (ముక్కు బరువుని బండి ముందు చక్రాలకీ పంచేవి) తీసేయండి. ఫ్రిక్షన్ స్వే బార్ (ట్రైలర్ పక్కలకి ఊగకుండా పట్టి ఉంచేది) ఉంటే దాన్నీ తీసేయండి, అది ఉండగా రివర్స్ చేస్తే వంగిపోవచ్చు. సేఫ్టీ చైన్లు, కరెంటు వైరు ఆ కొత్త ఎత్తుకి అందుతున్నాయా చూసుకోండి. ముక్కు ఇంత లేచి ఉన్న ట్రైలర్‌తో రోడ్డెక్కకూడదు, ఇది మీ ఇంటి ముందు, మనిషి నడిచే వేగంలో చేసే పని మాత్రమే. రెండు ఇరుసుల ట్రైలర్‌లో ముక్కు లేచినకొద్దీ బరువు వెనక ఇరుసు మీద పడుతుంది, అందుకని వెనక టైర్లలో గాలి తక్కువ ఉండటానికి వీల్లేదు.

హిచ్ (బండికి ట్రైలర్ తగిలించే అమరిక) నుంచి విప్పేసి చేత్తో తోసే డాలీ (చిన్న చక్రాల తోపుడు బండి) మీద పెట్టి, ముక్కు కావలసినంత లేపుకుని వాలు ఎక్కిద్దాం అనేవాళ్లున్నారు. దయచేసి వద్దు. ఐదారు వేల పౌండ్ల బరువు వాలు మీద జారితే మనిషి ఆపలేడు. డాలీ చదునైన నేలకే.

ఇంకా రివర్స్ మొదలుపెట్టకండి. స్తంభం నుంచి స్తంభానికి, దూలానికి సరిగ్గా 2 అంగుళాల కింద దారం బిగుతుగా కట్టి, ఎర్ర గుడ్డ పీలికలు ముడివేయండి. దారం సాగితే లెక్కంతా పోతుంది, గిటారు తీగలా లాగి కట్టాలి. ఏసీ ఆ దారానికి తగిలిందా, ఆగిపోవాల్సిందే. 2 అంగుళాలు ఎందుకంటే డ్రైవ్‌వే, గచ్చు కలిసే చోట చిన్న మిట్ట ఉంటుంది, చక్రం దాన్ని ఎక్కగానే స్ప్రింగుల మీద ట్రైలర్ ఒక్కసారి ఎగురుతుంది. అంగుళం చాలు అనేవాళ్ల మాట వినొద్దు.

ఒక మనిషి నిచ్చెన మీద, దూలానికి సమానంగా, స్తంభానికి బయటివైపు ఉండాలి. ట్రైలర్‌కీ గోడకీ మధ్య ఎవరూ ఉండకూడదు, పైకప్పు మీదకి ఎవరూ ఎక్కకూడదు, పిల్లలు ఇంట్లోనే. రెండో మనిషి నడిపేవాళ్లకి అద్దంలో కనిపించే చోట ఉంటాడు. ఆ మనిషి కనిపించకపోతే బండి ఆగాలి. చూడ్డానికి వచ్చిన బంధువులందరూ తలో మాటా అరిస్తే నడిపేవాళ్లకి టెన్షన్ తప్ప ఉపయోగం లేదు, అందుకే "ఆపు" అనే ఒక్క మాట అందరూ అనొచ్చు, మిగతా సూచనలు ఒక్కరే ఇవ్వాలి.

ఒక్కో అడుగు తోయండి, ఆపండి, నిచ్చెన మీదున్నవాళ్లు టేపుతో ఖాళీ కొలిచి చెప్పాలి, మళ్లీ అడుగు. ఖాళీ ఎలా తగ్గుతోందో మీకే అర్థమవుతుంది, రెండు మూడు కొలతలు చూస్తే తర్వాతది ముందే చెప్పేయొచ్చు. విసుగ్గా ఉంటుంది, ఉండనివ్వండి. ఏసీకి తగిలే దెబ్బ పైకి కనిపించేదానితో ఆగదు. ప్లాస్టిక్ కవర్ పగలడం చిన్న ఖర్చు. ఏసీ కొంచెం పక్కకి జరిగితే దాని కింద నొక్కుకుని ఉన్న రబ్బరు గాస్కెట్ ఒక మూల తెరుచుకుంటుంది, కొన్ని వానలు పడ్డాక లోపల సీలింగ్ మీద టీ రంగు మరక వస్తుంది, అప్పటికి చెక్క నాని మెత్తబడి ఉంటుంది.

ఏసీ దాటగానే పనైపోయిందనుకోవద్దు. చక్రాలు గచ్చెక్కాయి, ముక్కు ఇంకా లేచే ఉంది కాబట్టి ఇప్పుడు ఇరుసుకి ముందున్న భాగం పైకి లేస్తుంది. ముందు గదిలోని వెంట్ కవర్, యాంటెనా ఈ దశలో తగులుతాయి. దారం విప్పకండి. ఖాళీ తగ్గుతుంటే అక్కడే ఆపి, చక్రాలు చదునైన గచ్చు మీదే ఉన్నాయి కాబట్టి చాక్స్ వేసి, బాల్ మౌంట్‌ని మామూలు ఎత్తుకి దించి మిగతా దూరం తోయండి.

టైర్ల గాలి తీయడం గురించి

ఎవరినడిగినా మొదట చెప్పే చిట్కా ఇదే, నాకు నచ్చనిదీ ఇదే. దీంతో వచ్చేది అంగుళం, మహా అయితే అంగుళంన్నర. 80 పీఎస్ఐ ఉండాల్సిన ట్రైలర్ టైరులో గాలి బాగా తగ్గించి, బండిని కొంచెం తిప్పినా చాలు, టైరు అంచు రిమ్ము నుంచి ఊడొస్తుంది. తప్పనిసరైతే తిన్నగా వెళ్లే చివరి నాలుగడుగులకే, అదీ ఒకటే ఇరుసున్న ట్రైలర్‌కే, ముక్కు లేపకుండానే. దూలం దాటాక లోపల కప్పు ఎత్తుగా ఉంటే వెంటనే పూర్తి గాలి కొట్టేయండి. గాలి లేని టైర్ల మీద నెలలు నిలబెడితే పక్కలు పగుళ్లిస్తాయి. గాలి కొడితే ఏసీ కప్పుకి తగులుతుంది అంటే ఆ ట్రైలర్ ఆ కార్‌పోర్ట్‌ది కాదు.

చిన్న చక్రాలు బిగిద్దామనే ఆలోచనా వస్తుంది. 12 అంగుళాల బ్రేక్ డ్రమ్ముంటే మామూలుగా 15 అంగుళాల కంటే చిన్న రిమ్ము పట్టదు, అది చూడకుండా కొనొద్దు.

నన్నడిగితే శాశ్వతంగా కుదిరే మార్గం "లో ప్రొఫైల్" (ఎత్తు తక్కువుండే) ఏసీ. చాలా ట్రైలర్లలో ఏసీ కూర్చునే రంధ్రం 14 బై 14 అంగుళాలే, కాబట్టి పాతది తీసి పొట్టిది పెట్టుకోవచ్చు, కొన్ని అంగుళాలు కలిసొస్తాయి. ప్రతిసారీ ఏసీ విప్పి దింపి మళ్లీ ఎక్కించేవాళ్లూ ఉన్నారు, అది మంచి పద్ధతి కాదు, గాస్కెట్ ఒకసారి నొక్కుకున్నాక మళ్లీ అంత బాగా మూసుకోదు. కార్‌పోర్ట్‌నే పైకి లేపిస్తానంటే సిటీ పర్మిట్ తీసుకుని, గాలికి లేచిపోకుండా స్తంభాల యాంకర్లు కూడా మార్పించండి. ఎత్తు పెరిగితే టెక్సస్ గాలులకి కప్పు మీద లాగుడూ పెరుగుతుంది.

లోపల పెట్టాక, తీసేటప్పుడు

ముందు చాక్స్, తర్వాతే హిచ్ విప్పడం. ముక్కుని మట్టానికి దించి, ఏసీ పైనా ముందు వెంట్ పైనా ఖాళీ మరోసారి కొలవండి. మీకు సరిపోయిన బాల్ మౌంట్ చిల్లు ఏదో పెయింట్‌తో గుర్తుపెట్టుకోండి, గచ్చు మీద చక్రాలు ఆగాల్సిన చోట గీత గీయండి.

బయటికి తీసేటప్పుడు ఇదే వరుస తిరగేసి చేయాలి, దారం మళ్లీ కట్టాలి. లోపలికి వెళ్లింది కదా, వచ్చేస్తుందిలే అనుకోకండి. వెళ్లేటప్పుడు సామానుతో, నీళ్లతో కుంగి ఉన్న ట్రైలర్ ఖాళీ అయ్యాక స్ప్రింగుల మీద లేచి ఉంటుంది. కదిలించే ముందే నిచ్చెన వేసి కొలవండి. తక్కువగా అనిపిస్తే మంచినీళ్ల ట్యాంకు నింపి మళ్లీ కొలిచి చూడండి. దారానికి తగలకుండా ఉందంటేనే తీయండి.