కొత్త ఇంటిపై సోలార్: పీఎం సూర్యఘర్ దరఖాస్తు విధానం

డాబా మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం పీఎం సూర్యఘర్. కొత్త ఇంటికి దాని కింద సోలార్ పెట్టించాలంటే పోర్టల్‌లో దరఖాస్తు నింపడం చిన్న పనే. తిప్పలన్నీ దానికి ముందే మొదలవుతాయి: మీటరు ఎవరి పేరిట ఉంది, డాబా మీద నీడ ఎక్కడ పడుతుంది? ఈ రెండూ ఇల్లు కడుతున్నప్పుడే చూసుకోవాలి.

ఎన్ని కిలోవాట్లు?

మన దగ్గర ఒక కిలోవాట్ ప్లాంటు సగటున రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. దానికి నీడ లేని చోటు సుమారు 10 చదరపు మీటర్లు కావాలి. నెల వాడకం 150 యూనిట్ల లోపైతే 1–2 కిలోవాట్లు, 300 లోపైతే 2–3 కిలోవాట్లు చాలు. కొత్త ఇంటికి పాత బిల్లులు ఉండవు కాబట్టి పెట్టబోయే ఏసీలు, గీజర్లతో లెక్క వేసుకోండి. 100 లీటర్ల నీళ్లను 25 నుంచి 45 డిగ్రీలకు కాచాలంటే దాదాపు రెండున్నర యూనిట్లు పడుతుంది.

సోలార్ వాటర్ హీటరు పెడితే ఈ ఖర్చు చాలావరకు తప్పుతుంది. కానీ బోరు నీళ్లలో సున్నం ఎక్కువగా ఉంటే గొట్టాల లోపల పొర కట్టి కొన్నేళ్లకే నీళ్లు వేడెక్కడం తగ్గిపోతుంది. అలాంటి చోట ఆ స్థలం కూడా ప్యానెళ్లకే ఇచ్చి, స్టార్ రేటింగ్ ఎక్కువున్న గీజరు కొనడమే మేలు. తెల్లవారుజామున గీజరు వాడినా, పగలు గ్రిడ్‌కు (కరెంటు లైన్లకు) పంపిన యూనిట్లతో నెట్ మీటరు, అంటే వాడిన, పంపిన యూనిట్లు రెండూ లెక్కపెట్టే మీటరు, లెక్క సర్దుతుంది.

స్లాబు దశలోనే చేయాల్సినవి

ప్యానెళ్లు దక్షిణం వైపు, సుమారు 15 డిగ్రీల వాలుతో ఉండాలి. వాస్తు ప్రకారం ట్యాంకు నైరుతిలో కడతారు కనుక మధ్యాహ్నం తర్వాత దాని నీడ ఈశాన్యం వైపు సాగుతుంది. ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా అదే వరసలో కలిపిన మిగతావాటి ఉత్పత్తి కూడా తగ్గవచ్చు. ట్యాంకు కదలనప్పుడు ప్యానెళ్లను ఆగ్నేయం వైపు జరపండి, లేదా వాటిని నిలబెట్టే ఫ్రేము (స్ట్రక్చర్) ఎత్తు పెంచండి. స్ట్రక్చర్ కాళ్లకు కాంక్రీటు దిమ్మెలు వాటర్‌ప్రూఫింగ్‌కు ముందే పోయించాలి. తర్వాత డ్రిల్లు వేస్తే స్లాబు కారుతుంది. డాబా నుంచి మీటరు బోర్డు దాకా పైపు కూడా ప్లాస్టరింగ్‌కు ముందే వేయించండి. ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీ కరెంటు వైపు, ఇన్వర్టరు దాన్ని మార్చి ఇచ్చే ఏసీ కరెంటు వైపు, పిడుగు నిరోధకం, ఈ మూడింటికీ విడివిడిగా ఎర్తింగ్ గుంతలకు చోటు వదలండి.

దరఖాస్తు

నిర్మాణం కోసం తీసుకున్న తాత్కాలిక సర్వీసు మీద ఇది కుదరదు. ముందు గృహ కేటగిరీ కనెక్షన్ తీసుకోవాలి. అది బిల్డరు పేరిటో, పాత యజమాని పేరిటో ఉంటే డిస్కంలో (మీ ప్రాంత కరెంటు పంపిణీ సంస్థలో) పేరు మార్పించుకోండి. బిల్లులో, ఆధార్‌లో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా ఉన్నా సబ్సిడీ దగ్గర చిక్కు రావచ్చు.

ఆ తర్వాత పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లో రాష్ట్రం, డిస్కం ఎంచుకుని, సర్వీసు నంబరు, మొబైల్ నంబరుతో నమోదవ్వాలి. తాజా బిల్లు జత చేసి రూఫ్‌టాప్ దరఖాస్తు పంపాలి. 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన లేకుండానే ఆమోదించినట్లు లెక్క. అవసరమైతే మంజూరు లోడును (మీ కనెక్షన్‌కు అనుమతించిన కిలోవాట్లను) డిస్కమే పెంచుతుంది.

పోర్టల్‌లో నమోదైన వెండర్‌నే (ప్లాంటు బిగించే సంస్థనే) ఎంచుకోండి. ఒప్పందంలో ప్యానెల్ కంపెనీ, వాట్లు, ఇన్వర్టరు సామర్థ్యం, ఐదేళ్ల ఉచిత మెయింటెనెన్స్ రాయించండి. ప్యానెళ్లతో పాటు వాటిలోని సెల్స్ కూడా దేశంలోనే తయారైనవి కావాలి, లేకపోతే సబ్సిడీ రాదు. బిగింపు పూర్తయ్యాక వివరాలు, ఫొటోలు అప్‌లోడ్ చేసి నెట్ మీటరుకు అడగాలి. డిస్కం తనిఖీ చేసి, ప్లాంటు నడుస్తోందని కమిషనింగ్ రిపోర్టు ఇచ్చాక మీరు బ్యాంకు వివరాలు నింపితే సబ్సిడీ ఖాతాలో పడుతుంది. నెట్ మీటరు తిరిగే వరకు వెండర్‌కు కొంత మొత్తం ఆపి ఉంచండి. చాలా చోట్ల పని నిలిచిపోయేది ఈ చివరి దశలోనే.

సబ్సిడీ లెక్క

మొదటి 2 కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000 రూపాయలు, మూడోదానికి 18,000. మొత్తం 78,000. అంతకు మించి ఎంత పెట్టినా పెరగదు. ప్యానెళ్లు, ఇన్వర్టరు సామర్థ్యాల్లో ఏది తక్కువైతే దాని మీదే లెక్క. 540 వాట్ల ప్యానెళ్లు ఐదు పెడితే 2.7 కిలోవాట్లే కాబట్టి వచ్చేది 72,600. ఆరు పెట్టి 3 కిలోవాట్ల ఇన్వర్టరు బిగిస్తే పూర్తి మొత్తం వస్తుంది. ఈ డబ్బు పని అయ్యాకే వస్తుంది కనుక ముందు పెట్టుబడి మీదే. బ్యాంకు రుణం కావాలంటే జన్ సమర్థ్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు.

ఒక సంగతి వెండర్లు విడమరిచి చెప్పరు. కరెంటు పోతే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు (బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కు కలిపి నడిచేది) కూడా ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా చేసిన ఏర్పాటది. కోతల్లోనూ ఫ్యాన్లు తిరగాలంటే హైబ్రిడ్ ఇన్వర్టరు, బ్యాటరీ తీసుకోవాలి. బ్యాటరీకి మాత్రం సబ్సిడీ లేదు.