బెంగళూరు నుంచి కోనసీమ వెళ్ళాలంటే ముందు నెల చూస్కోండి

మారతహళ్ళిలో మా ఆఫీసోళ్ళు ఎవరో ఒకరు రీల్ చూపించి "మీ కోనసీమ ఎప్పుడు రావచ్చు" అని అడుగుతూనే ఉంటారు. లీవు చూస్కుని కాదండీ, గోదారిని చూస్కుని టికెట్ తీయండి.

మ్యాప్ ఓసారి తెరవండి. ధవళేశ్వరం దగ్గర గోదారి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుద్ది, ఆ రెంటికీ సముద్రానికీ మధ్యనున్న ముక్కే కోనసీమ, అందులో మళ్ళీ వైనతేయ అని ఇంకో పాయ. అంటే ఎటెళ్ళినా నీళ్ళే. అమలాపురానికి రైలు లేదు, శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి దిగి రావులపాలెం మీదుగా ఓ 65 కిలోమీటర్లు బస్సు.

జులై, ఆగస్టుల్లో జాగ్రత్త. మా ఊళ్ళో చుక్క వాన పడకపోయినా వరదొచ్చేస్తది, నీళ్ళన్నీ పైన మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, తెలంగాణ నుంచి కదా దిగేది. పైన భద్రాచలంలో గోదారి మట్టం 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 53కి మూడోది, 53 దాటిందని వార్తల్లో వస్తే లంకలు, అంటే ఏటి మధ్యనుండే ఊళ్ళు, చూసే ప్లాన్ మానేయండి. కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగిపోతే పడవే దిక్కు. 2022 జులైలో భద్రాచలంలో 71 అడుగులు దాటినప్పుడు లంకలో ఉండే మా పిన్ని గ్యాస్ స్టవ్ డాబా మీదకెక్కించి వండింది, గేదెల్ని ముందురోజే ఏటిగట్టు మీద కట్టేసొచ్చారు. కానీ పులస తినాలంటే ఈ ఎర్రనీళ్ళ టైమే, సముద్రం నుంచి ఏటికి ఎదురీదొచ్చే చేప అది, తెలిసినోళ్ళు పక్కన లేకుండా కొనకండి, సముద్రం ఇలసనే పులసని అంటగట్టేస్తారు.

ఎండాకాలం వద్దు. కాలవలకి నీళ్ళు ఆపేస్తారు, ఉక్కపోతకి బెంగళూరు ఒళ్ళు తట్టుకోదు. నవంబర్లో తుఫాన్ల భయం, 1996 నవంబర్ 6 తుఫాను గురించి ఏ ముసలాయన్నడిగినా కొబ్బరిచెట్లు ఎలా పడ్డాయో ఓ గంట చెప్తాడు.

నన్నడిగితే సంక్రాంతి. టికెట్లు 60 రోజుల ముందు తెరవగానే తీస్కోండి, లేదంటే వెయిటింగ్ లిస్టే గతి. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి, అంటే జాతరకి, పదకొండు ఊళ్ళ రుద్రులొస్తారు, శివుడి రూపాలన్నమాట, ప్రభలని ఎత్తుగా అలంకరించిన చట్రాల మీద. గంగలకుర్రు ఊరోళ్ళు తమ ప్రభని భుజాన మోస్తూ నీళ్ళలో దిగి కౌశిక కాలవ దాటిస్తుంటే చూడాలి అసలు.

ఎవరింటికెళ్ళినా "తినేసొచ్చాం" అనకండి, "ఆయ్, మా ఇంట్లో తినలేదుగా" అంటూ విస్తరేసేస్తారు, సగం కడుపుతోనే వెళ్ళండి.

తిరుగుదారిలో ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు కొనండి. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగుతారు, అంతే, రేకొచ్చేస్తది. బెల్లం, నెయ్యి వేసినవే తీస్కోండి. డబ్బా చేత్తోనే పట్టుకోండి, సూట్‌కేసులో కుక్కారంటే కేఆర్ పురంలో దిగేసరికి పొడే మిగుల్తుంది.