క్లాసుకు దూరమవుతున్న విద్యార్థిని ముందే గుర్తించి ఆదుకోవడం ఎలా?

సెమిస్టర్ చివర్లో డిటెయిన్ లిస్టు (హాజరు చాలక పరీక్ష రాయలేనివాళ్ల జాబితా) నోటీసు బోర్డు ఎక్కిన మర్నాడు ఏ ఇంజినీరింగ్ కాలేజీకైనా వెళ్లి చూడండి. తొలి బస్సుకు వచ్చిన తండ్రి ఒకాయన హెచ్‌ఓడీ (విభాగాధిపతి) గది బయట చేతిసంచీతో నిలబడి ఉంటాడు. "ముందే ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది కదా మేడమ్" అంటాడు. ఆ మాటకు మన దగ్గర జవాబుండదు. నాలుగు నెలలుగా హాజరు పట్టీ మన టేబుల్ మీదే ఉంది మరి.

పదహారేళ్లుగా క్లాస్ ఇన్‌చార్జ్‌గా, మెంటర్‌గా చేస్తున్నాను. అందరూ చేసే తప్పు ఒక్కటే, శాతం పడిపోయేదాకా ఆగడం. మన ఇంజినీరింగ్ కాలేజీలను నడిపే యూనివర్సిటీ జేఎన్‌టీయూ లెక్క మీకు తెలిసిందే. 75 శాతం ఉంటే పరీక్షకు కూర్చోవచ్చు. 65 నుంచి 75 లోపు ఉంటే సరైన కారణం చూపించి, ఫీజు కట్టి కండోనేషన్, అంటే తగ్గిన హాజరుకు మినహాయింపు, అడగాలి. 65 కూడా లేకపోతే ఎవరూ ఏమీ చేయలేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కీ ఆ 75తోనే ముడి. ఈ అంకెలు పరీక్ష రాయనివ్వాలా వద్దా అని తేల్చడానికి పెట్టినవి. పిల్లవాడు ఎలా ఉన్నాడో వాటిలో కనిపించదు.

కావలసినవి

ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక పెన్సిల్, మీ మెంటీల (మీకు అప్పగించిన విద్యార్థుల) జాబితా. కొత్తగా చేరినవాళ్ల ఇండక్షన్ ప్రోగ్రామ్‌లో ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) సూచించిన లెక్క ప్రకారం ఒక మెంటర్‌కు ఇరవై మంది. మీకు నలభై మందిని అంటగడితే గొడవపెట్టుకోండి. పెన్సిలే వాడాలి, పెన్ను కాదు. మొదట రాసుకున్నది సగం తప్పని తర్వాత తేలుతుంది. ఎక్సెల్ వద్దు, అది వాట్సాప్‌లో తిరుగుతుంది.

1. వారానికి ఒకసారి, శుక్రవారం సాయంత్రం

కాలేజీ హాజరు పోర్టల్ తెరిచి ఆ వారం ఎవరు ఎన్ని పీరియడ్లు వచ్చారో రాసుకోండి. ఇరవై మందికి పావుగంట పని. మొత్తం శాతం జోలికి పోవద్దు, ఆ వారాన్ని కిందటి వారంతో పోల్చండి చాలు. ఎనిమిది వారాలు ఒక్క క్లాసూ మానకుండా వచ్చి, తర్వాత రెండు వారాలు అసలు కనిపించని పిల్లవాడి శాతం ఎంత? 80. పోర్టల్‌లో ఇంకా ఆకుపచ్చగానే ఉంటాడు. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ఆఖరి కౌన్సెలింగ్‌లో సీటొచ్చి లేటుగా చేరి, రోజూ ముందు బెంచీలో కూర్చునే అమ్మాయి మాత్రం ఎరుపులో ఉంటుంది. రంగులు చూసి పిల్లల్ని పిలిచేవాళ్లు ఈ అమ్మాయిని పిలిచి మందలిస్తారు.

2. హాజరుతో ఆగకండి

ల్యాబ్ రికార్డు సంతకానికి రావడం ఆగిందా? మొదటి మిడ్ పరీక్షలో ఒక ప్రశ్న రాసి పేపర్ ఇచ్చేసి వెళ్లిపోయాడా? ఎప్పుడూ కూర్చునే చోటు మార్చాడా? ఇందులో ఏ రెండు కలిసినా పేరు పక్కన చిన్న చుక్క పెట్టుకోండి. ప్రాక్సీల (రానివాళ్ల బదులు ఇంకొకరు హాజరు పలకడం) సంగతికొస్తే, రోల్ నంబర్లు పిలవడం అయ్యాక తలలు లెక్కపెట్టండి. దీనికి బయోమెట్రిక్ అక్కర్లేదు. వేలు పెట్టి క్యాంటీన్‌కు పోయేవాళ్లను ఏ మెషీనూ ఆపలేదు.

3. పిలిచే ముందు సరిచూసుకోండి

సంక్రాంతి, దసరాలకు అటూ ఇటూ ఉన్న రోజులు తీసేయండి. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు, ఆటల పోటీలు కూడా. తర్వాత సబ్జెక్ట్ టీచర్‌ను అడిగి ఎంట్రీ సరైనదేనా చూడండి. ఇంతకుముందు నేను పనిచేసిన ఒక కాలేజీలో ఆబ్సెంట్ పడితే చాలు, ఆ సాయంత్రానికల్లా ఇంటికి మెసేజ్ వెళ్లేది. ఒకరోజు రోల్ నంబర్ ఏ3 బదులు ఏ8కి ఆబ్సెంట్ పడింది. ఆ సమయానికి ఏ8 అమ్మాయి ల్యాబ్‌లో కూర్చుని ప్రోగ్రామ్ రాసుకుంటోంది. ఇంట్లో రచ్చ అయింది. మర్నాడు మేనమామ వచ్చి "చదివింది చాలు, పిల్లని తీసుకెళ్తాం" అన్నాడు. ఆయన్ని ఒప్పించడానికి వారం పట్టింది. ఆటోమేటిక్ మెసేజ్‌లు గొప్ప సౌకర్యమని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. వాళ్లకు ఆ మేనమామ ఎదురుపడలేదు.

4. మాట్లాడటం

ఇంతవరకు చెప్పింది ఎవరైనా చేస్తారు. పని చెడేది ఇక్కడే, అదీ మొదటి రెండు నిమిషాల్లో.

ముందుగా, సీఆర్‌తో (క్లాస్ రిప్రజెంటేటివ్‌తో) కబురు పంపొద్దు. "రేయ్, మేడమ్ నిన్ను రమ్మంటున్నారు" అని క్లాసు మధ్యలో కేకేస్తే, వాడు మీ దగ్గరికి చేరేలోపే అరవై మందికీ విషయం తెలిసిపోతుంది. స్టాఫ్ రూమ్ కూడా పనికిరాదు. పక్క టేబుల్ సార్ పేపర్లు దిద్దుతూనే "వీడా, వీడు నా క్లాసుకూ రాడు" అని అందుకుంటారు. క్లాసులు అయ్యాక ఖాళీ ల్యాబ్‌లో, తలుపు తెరిచే ఉంచి, ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని మాట్లాడండి. నిలబెట్టి మాత్రం మాట్లాడొద్దు.

రెండోది, "ఎందుకు రావట్లేదు?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు పిల్లలందరి దగ్గరా ఒకే జవాబు రెడీగా ఉంటుంది: "జ్వరం మేడమ్." ఆ మాట వచ్చాక మీరు సర్టిఫికెట్ అడుగుతారు, వాడు ఎక్కడో ఒకటి తెస్తాడు, ఫైల్ మూసేస్తారు. నేనూ అలాగే చేశాను. డిప్లొమా చదివి లాటరల్ ఎంట్రీలో నేరుగా రెండో ఏడాదిలో చేరిన ఒకబ్బాయి మొదటి రెండు పీరియడ్లకు తరచూ కనిపించేవాడు కాదు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ జ్వరమే. నాలుగోసారి విసుగొచ్చి, "పొద్దున ఎన్నింటికి లేస్తావు నాన్నా?" అన్నాను.

"రెండున్నరకి."

హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో మూటలు దించే పని. అది శ్రావణమాసం, బండి మీద బండి వస్తోంది. ఏడున్నరకు వదిలితే గదికెళ్లి స్నానం చేసి బస్సు పట్టుకునేసరికి రెండో పీరియడ్ సగమైపోయేది. చేతులు చూపించమంటే సిగ్గుపడ్డాడు, గోళ్ల సందుల్లో పసుపు, బంతిపూల మరక. నెల రోజులుగా ల్యాబ్‌లో ఆ చేతులే నా ముందు కీబోర్డు మీద ఉన్నాయి, నేను చూడలేదు. చివరికి 67 శాతంతో కండోనేషన్ ఫీజు కట్టి పరీక్ష రాశాడు. ఆగస్టులోనే సరైన ప్రశ్న అడిగి ఉంటే ఆ ఫీజూ తప్పేది.

కాబట్టి రోజు ఎలా గడుస్తోందో అడగండి. ఎన్నింటికి లేస్తావు, టిఫిన్ ఎక్కడ, గదిలో ఎంతమంది, ఏ సబ్జెక్ట్ అస్సలు బుర్రకెక్కట్లేదు? ఇలాంటి ప్రశ్నలకు అబద్ధం చెప్పడం కష్టం. అడిగాక నోరు మూసుకోండి. మనసులో పది అంకెలు లెక్కపెట్టండి. మన లెక్చరర్లకు మౌనం అలవాటు లేదు, పిల్లలు జవాబిచ్చేలోపు "మా రోజుల్లో" అని మొదలుపెడతాం.

రెండు మాటలు ఎప్పుడూ ఇవ్వొద్దు. ఒకటి, "అటెండెన్స్ నేను చూసుకుంటా." అది మీ చేతిలో లేదు. రెండోది, "ఎవరికీ చెప్పను." ప్రాణం మీదికొచ్చే విషయం బయటపడితే మీరు చెప్పి తీరాలి. అందుకే "నీకు చెప్పకుండా ఎవరికీ చెప్పను" అనండి. అది నిలబెట్టుకోగలిగిన మాట.

ఇంటికి ఫోన్ చేసే విషయం కూడా అంతే. పిల్లలకు చెప్పాకే, వీలైతే పక్కన కూర్చోబెట్టుకునే చేయండి. సమయం రాత్రి ఏడు, ఎనిమిది మధ్య. పగలు పొలంలోనో డ్యూటీలోనో ఉన్న మనిషికి కాలేజీ నుంచి ఫోన్ వస్తే గుండె జారిపోతుంది. మొదటి మాట "కంగారు పడకండి, అబ్బాయి బాగానే ఉన్నాడు" అనే ఉండాలి, శాతాలు తర్వాత. సమస్య ఇంట్లోనే ఉంటే, అంటే ఇష్టంలేని పెళ్లి సంబంధమో, తండ్రి తాగుడో అయితే, ఆ ఫోన్ అసలు చేయొద్దు, ముందు కౌన్సెలర్‌తో మాట్లాడండి. మూడు రోజులు మనిషి జాడ లేక, హాస్టల్‌లోనూ తెలియదంటే మాత్రం ఏ వేళైనా చేయాల్సిందే.

5. ఎవరి పని వాళ్లకు అప్పగించండి

ఫీజు బకాయి అయితే స్కాలర్‌షిప్ సెక్షన్‌కు మీరే వెంట తీసుకెళ్లండి, చీటీ రాసివ్వడం సాయం కాదు. తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లిష్ పాఠం అందకపోతే సీనియర్‌ను జత చేయండి. ర్యాగింగ్ అయితే యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522. మనసు బాగాలేదంటే మీరు కౌన్సెలర్ అవతారం ఎత్తొద్దు. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణంపై వచ్చిన కేసులోనే ఆ మార్గదర్శకాలు ఇచ్చింది. రాత్రీ పగలూ పలికే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, తెలుగులోనూ మాట్లాడతారు. చనిపోవాలనుందన్న మాట వినిపిస్తే ఫోన్ నంబర్ ఇచ్చి పంపేయకండి. ఇంకొకరు వచ్చేదాకా పక్కనే ఉండండి.

6. మళ్లీ చూడండి

రెండు వారాల తర్వాతి శుక్రవారం ఆ పేరు దగ్గర మళ్లీ ఆగండి. పీరియడ్లు పెరిగితే కారిడార్‌లో "తిన్నావా?" అంటే చాలు. పెరగకపోతే మళ్లీ నాలుగో అంచెకే. సెమిస్టర్ అయ్యాక కొత్త మెంటర్‌కు నోట్‌బుక్ ఇవ్వకండి. ఏం చెప్పొచ్చో పిల్లల్నే అడిగి, అంతవరకు నోటితో చెప్పి, మిగతా పేజీలు చింపేయండి.